లాజిస్టిక్ రిగ్రెషన్: మీ ఫోన్‌లో స్పామ్ మెసేజ్ నుంచి మా అమ్మ లివర్ రిపోర్ట్ దాకా ఒకటే లెక్క

మీ ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది అనుకోండి. "మీకు 25 లక్షల లాటరీ తగిలింది, వెంటనే ఈ లింక్ నొక్కండి." మీరు చూసేలోపే అది స్పామ్ ఫోల్డర్‌లోకి వెళ్లిపోయింది. అదే టైమ్‌లో బ్యాంక్ ఓటీపీ మాత్రం ఇన్‌బాక్స్‌లోకే వచ్చింది. రెండిట్లోనూ అక్షరాలే, రెండిట్లోనూ నంబర్లే. మరి ఏది చెత్తో ఏది పనికొచ్చేదో ఎలా తేలింది?

ఇలాంటి "అవునా, కాదా" ప్రశ్నలకి కంప్యూటర్‌తో జవాబు చెప్పించే పద్ధతులు చాలా ఉన్నాయి. వాటిలో పాతది, సింపుల్‌ది, ఇప్పటికీ పక్కన పెట్టలేనిది లాజిస్టిక్ రిగ్రెషన్. చాట్‌బాట్‌లు, న్యూరల్ నెట్‌వర్క్‌ల గురించి రోజూ చదువుతున్నాం కదా, దీని గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఈ ఆర్టికల్‌లో అది ఎలా పనిచేస్తుందో, ఏయే రంగాల్లో వాడారో చెప్తాను. దాంతోపాటు దాన్ని తప్పుగా వాడి నేను మా ఇంట్లో చేసిన పొరపాటు కూడా చెప్తాను.

నాది మదనపల్లె పక్కన కురబలకోట. ఇంజినీరింగ్ మా ఇంటికి దగ్గర్లోనే చేశాను, ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాయన టమాట రైతు. ఈ రెండు విషయాలూ కింద పనికొస్తాయి, గుర్తుపెట్టుకోండి.

ముందు లెక్క అర్థం చేసుకుందాం

స్పామ్ మెసేజ్‌నే ఉదాహరణగా తీసుకుందాం. ఒక్కో లక్షణానికి కొన్ని మార్కులు ఇద్దాం. ఈ మార్కులు ఉదాహరణ కోసం నేను పెట్టినవి మాత్రమే.

- ఏ మెసేజ్‌కైనా మొదలు: మైనస్ 3
- లింక్ ఉంటే: ప్లస్ 2
- "లాటరీ" లాంటి పదం ఉంటే: ప్లస్ 1.5
- "వెంటనే" అని తొందర పెడితే: ప్లస్ 1.5
- పంపినవాళ్ల నంబర్ మన కాంటాక్ట్స్‌లో ఉంటే: మైనస్ 4

పైన చెప్పిన లాటరీ మెసేజ్‌కి ఎంత వస్తుంది? మైనస్ 3, ప్లస్ 2, ప్లస్ 1.5, ప్లస్ 1.5. మొత్తం 2. అదే మెసేజ్‌ని మన ఫ్రెండ్ "చూడరా ఎలా మోసం చేస్తున్నారో" అని ఫార్వర్డ్ చేశాడనుకోండి, ఇంకో 4 తగ్గి స్కోరు మైనస్ 2 అవుతుంది.

ఇంతవరకు ఇది మామూలు కూడికే. ఇబ్బంది ఏంటంటే స్కోరు 2 అంటే ఏమని అర్థం చేసుకోవాలి? స్కోరు 40 కూడా కావచ్చు, మైనస్ 100 కూడా కావచ్చు. మనకి కావాల్సింది 0 నుంచి 100 శాతం మధ్యలో ఉండే ఒక సంభావ్యత. ఇక్కడే లాజిస్టిక్ ఫంక్షన్ వస్తుంది. గ్రాఫ్ మీద గీస్తే అది పక్కకి లాగిన ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా ఉంటుంది. స్కోరు ఎంత పెద్దదైనా 100 శాతాన్ని దాటనివ్వదు, ఎంత చిన్నదైనా 0 కిందికి పోనివ్వదు.

- స్కోరు 0 అయితే 50 శాతం
- స్కోరు 1 అయితే సుమారు 73 శాతం
- స్కోరు 2 అయితే సుమారు 88 శాతం
- స్కోరు 3 అయితే సుమారు 95 శాతం
- స్కోరు మైనస్ 2 అయితే సుమారు 12 శాతం

అంటే తెలియని నంబర్ నుంచి వచ్చిన లాటరీ మెసేజ్ స్పామ్ అవడానికి 88 శాతం అవకాశం. ఫ్రెండ్ పంపిన అదే మెసేజ్‌కి 12 శాతమే. అంతే, లాజిస్టిక్ రిగ్రెషన్‌లో సగం మీకు వచ్చేసింది.

ఒక విషయం గమనించండి. స్కోరు 0 నుంచి 1కి పెరిగితే సంభావ్యత 23 శాతం పెరిగింది. 2 నుంచి 3కి పెరిగితే మాత్రం 7 శాతమే పెరిగింది. మన అనుమానం కూడా అలాగే పనిచేస్తుంది కదా. ఎటూ తేల్చుకోలేనప్పుడు చిన్న ఆధారం దొరికినా మనసు మారిపోతుంది. ముందే గట్టిగా నమ్మేశాక కొత్త ఆధారం వచ్చినా పెద్దగా తేడా ఉండదు.

మరి ఆ మార్కులు ఎవరు వేస్తారు?

మనం వేయం, డేటా వేస్తుంది. వేల పాత మెసేజ్‌లు, వాటిలో ఏది స్పామో ఏది కాదో రాసిపెట్టిన లిస్ట్ ఇస్తాం. మోడల్ ముందు ఏవో మార్కులతో మొదలుపెట్టి ఒక్కో మెసేజ్‌కి సంభావ్యత చెప్తుంది. తప్పు చెప్తే పెనాల్టీ పడుతుంది. ఈ పెనాల్టీ భలే ఉంటుంది. 60 శాతం నమ్మకంతో చెప్పింది తప్పయితే సుమారు 0.9. అదే 99 శాతం నమ్మకంతో చెప్పింది తప్పయితే 4.6. తప్పు చెప్పడం కంటే ధీమాగా తప్పు చెప్పడానికి శిక్ష ఎక్కువ అన్నమాట. మొత్తం పెనాల్టీ ఇంక తగ్గదు అనేదాకా మార్కుల్ని కొద్దికొద్దిగా సవరించుకుంటూ పోతుంది. ట్రైనింగ్ అంటే ఇదే.

ఇక్కడ ఇంకో లాభం కూడా ఉంది. చివరికి వచ్చిన మార్కుల్ని మనం చదవొచ్చు. "లింక్‌కి ప్లస్ 2" అంటే, మిగతావన్నీ ఒకేలా ఉన్నప్పుడు లింక్ ఉన్న మెసేజ్ స్పామ్ అయ్యే ఆడ్స్ సుమారు 7.4 రెట్లు పెరుగుతాయని అర్థం. ఆడ్స్ అంటే జరిగే అవకాశాన్ని జరగని అవకాశంతో భాగిస్తే వచ్చేది. పెద్ద న్యూరల్ నెట్‌వర్క్‌ని "ఎందుకిలా చెప్పావు?" అని అడిగితే సూటిగా జవాబు రాదు. దీన్ని అడిగితే వస్తుంది. అందుకే డాక్టర్లు, బ్యాంకులు, రీసెర్చ్ చేసేవాళ్లు దీన్ని వదల్లేదు. పైగా ఇది నడవడానికి కొన్ని కూడికలు, గుణకారాలు చాలు. ఎంత తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో అయినా, చేతికి పెట్టుకునే బ్యాండ్‌లో అయినా ఆడుతూ పాడుతూ నడుస్తుంది.

జనాభా లెక్కలో పుట్టి అన్ని రంగాలకీ పాకింది

ఆ ఎస్ గీత పుట్టింది కంప్యూటర్ల కోసం కాదు. బెల్జియం గణిత శాస్త్రవేత్త పియరీ ఫ్రాంస్వా వెర్‌హుల్స్ట్ 1838లో జనాభా ఎలా పెరిగి ఎలా నెమ్మదిస్తుందో చెప్పడానికి దాన్ని వాడాడు, 1845లో లాజిస్టిక్ అని పేరు పెట్టాడు. 1944లో జోసెఫ్ బెర్క్‌సన్ "లాజిట్" అనే మాట తెచ్చాడు. 1958లో డేవిడ్ కాక్స్ "అవును, కాదు" డేటాకి ఈ పద్ధతిని ఎలా వాడాలో వివరంగా రాశాడు.

తర్వాత ఇది ఎక్కడెక్కడికి వెళ్లిందో చూడండి.

వైద్యం: అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో 5,209 మందితో ఒక స్టడీ మొదలుపెట్టారు. ఎవరికి గుండె జబ్బు వస్తుందో, ఎవరికి రాదో ఏళ్ల తరబడి చూశారు. 1967లో వయసు, కొలెస్ట్రాల్, బీపీ, సిగరెట్లు లాంటి 7 విషయాల్ని లాజిస్టిక్ ఫంక్షన్‌లో కలిపి ఒక్కో మనిషికి రిస్క్ ఎంతో లెక్కగట్టారు. ఈరోజు "మీ హార్ట్ రిస్క్ ఇంత శాతం" అని చెప్పే కాలిక్యులేటర్లకి దారి వేసింది ఇలాంటి పనే.

అంతరిక్షం: 1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ పేలిపోయింది. చలికి ఓ రింగ్ అనే రబ్బరు సీల్ సరిగ్గా పనిచేయకపోవడం దానికి కారణం. 1989లో ముగ్గురు స్టాటిస్టిషియన్లు అంతకుముందు జరిగిన 23 ప్రయోగాల డేటా తీసుకుని లాజిస్టిక్ రిగ్రెషన్‌తో చూశారు. ఆ రోజు ఉన్న 31 డిగ్రీల ఫారెన్‌హీట్ చలిలో ఆ సీల్ ప్రాణాంతకంగా ఫెయిలయ్యే అవకాశం కనీసం 13 శాతం అని తేలింది. వాతావరణం 60 డిగ్రీలకి వచ్చేదాకా ఆగుంటే అది 2 శాతం దగ్గరికి దిగేది. ప్రయోగానికి ముందు రోజు రాత్రి ఇంజినీర్లు ఉష్ణోగ్రత గురించి వాదించుకున్నారు కూడా. కానీ అప్పుడు పోల్చి చూసింది సీల్ దెబ్బతిన్న ప్రయోగాలనే, ఏ సమస్యా రాని ప్రయోగాల్ని కాదు. "అవును"లు మాత్రమే చూసి "కాదు"లు వదిలేస్తే ప్యాటర్న్ కనిపించదు.

యాడ్స్, అప్పులు: మీరు ఒక యాడ్ మీద క్లిక్ చేస్తారా లేదా అని అంచనా వేయడానికి పెద్ద ఎత్తున లాజిస్టిక్ రిగ్రెషన్ వాడటం గురించి గూగుల్ ఇంజినీర్లు 2013లో పేపర్ రాశారు. ఈఎంఐ మీద ఫోన్ కొంటారు కదా, "ఇతను కడతాడా ఎగ్గొడతాడా" అని తేల్చే క్రెడిట్ స్కోర్‌కార్డుల్లో కూడా దశాబ్దాలుగా వాడుతున్నది ఇదే.

చదువులు: 2018లో మన రాష్ట్ర ప్రభుత్వం, మైక్రోసాఫ్ట్ కలిసి బడి మానేసే అవకాశం ఉన్న పిల్లల్ని ముందే గుర్తించే సిస్టమ్ వాడాయి. ఒక్క విశాఖపట్నం జిల్లా ప్రభుత్వ బడుల్లోనే సుమారు 19,500 మందిని అది గుర్తించింది. అల్గారిథమ్ ఏదైనా ప్రశ్న మాత్రం అదే ఆకారం: ఈ పాప బడి మానేస్తుందా, లేదా?

మా ఊరి దగ్గర కూడా ఇలాంటి కథ ఒకటుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో వందేళ్ల కిందట టీబీ శానటోరియంగా మొదలైన ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టర్లు 1950 నుంచి 1955 దాకా చుట్టుపక్కల పల్లెల్లో తిరిగి టీబీ ఎవరికి ఉంది, ఎవరికి కొత్తగా వస్తోంది అని లెక్కలు రాశారు. ఆ రిపోర్ట్ 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చింది. లాప్‌టాప్ లేదు, పైథాన్ లేదు. ఇల్లిల్లూ తిరిగి అవును, కాదు అని రాసుకోవడమే. ఏ ప్రిడిక్షన్‌కైనా అసలు పెట్టుబడి అలాంటి డేటానే.

శ్రీకాకుళం నుంచి ప్రపంచానికి వెళ్లిన 583 వరుసలు

ఇప్పుడు నా విషయానికి వస్తాను.

మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లు ప్రాక్టీస్ కోసం వాడే డేటాసెట్లలో "ఇండియన్ లివర్ పేషెంట్ డేటాసెట్" ఒకటి. అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఇర్వైన్ నడిపే డేటా లైబ్రరీలో 2012 నుంచి ఫ్రీగా దొరుకుతోంది. ప్రపంచం మొత్తం వాడుతున్న ఆ డేటా మన ఆంధ్రప్రదేశ్ ఈశాన్య ప్రాంతం నుంచి సేకరించింది. ఇచ్చినవాళ్లు కూడా మన ప్రొఫెసర్లే. ముందున్న బెండి వెంకట రమణ గారు శ్రీకాకుళం జిల్లా టెక్కలి ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసేవారు.

మొత్తం 583 మంది. వయసు, ఆడా మగా, బిలిరుబిన్, ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ఆల్బుమిన్ లాంటి 10 వివరాలు, చివర్లో లివర్ జబ్బు ఉందా లేదా. థర్డ్ ఇయర్ మినీ ప్రాజెక్ట్‌కి నేను దీన్నే తీసుకున్నాను. ఒక కాలమ్‌లో 4 ఖాళీలు ఉంటే నింపాను, లాజిస్టిక్ రిగ్రెషన్ ట్రైన్ చేశాను, పైన ఒక వెబ్ పేజీ కట్టాను. ల్యాబ్ రిపోర్ట్‌లో నంబర్లు కొడితే, సమస్య ఉంటే ఎర్ర రంగులో, లేకపోతే పచ్చ రంగులో చెప్తుంది. అక్యూరసీ 72 శాతం వచ్చింది. వైవాలో మంచి మార్కులే పడ్డాయి.

హాస్టల్‌లో ముగ్గురు ఫ్రెండ్స్ వాళ్ల పాత రిపోర్టులు పెట్టి చూశారు. డాక్టర్ ఏమీ లేదన్నా కూడా ఇద్దరికి ఎర్ర రంగు వచ్చింది. "నువ్వు మందు మానేయాల్రా" అని నవ్వుకున్నాం. ఆ రోజు నవ్వకుండా "ఎందుకిలా వచ్చింది?" అని ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది.

ఆ ఎండాకాలం సెలవులకి ఇంటికి వెళ్లాను. అమ్మకి రెండు నెలలుగా నీరసం, ఆకలి సరిగ్గా లేదు. ఊళ్లో డాక్టర్ రాసిస్తే మదనపల్లెలో లివర్ టెస్ట్ చేయించుకుంది. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ఉండాల్సినదానికంటే కొంచెం ఎక్కువ ఉన్నాయి. తిరుపతిలో స్పెషలిస్ట్‌కి చూపించుకోమన్నారు. అప్పటికి టమాట కోత మధ్యలో ఉన్నాం. తెల్లారకముందే కోయాలి, క్రేట్లు నింపి మార్కెట్‌కి తోలాలి. ఆమె లేకపోతే కూలీలని చూసుకునేవాళ్లు లేరు.

"ఏమంటాదిరా నీ కంప్యూటరు?" అని అడిగింది అమ్మ.

నంబర్లు కొట్టాను. పచ్చ రంగు. "ఏం లేదంటాందిమా" అన్నాను. ఆమె రిపోర్ట్ మడిచి బీరువాలో పెట్టేసింది.

ఏడు వారాల తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. అప్పుడు తిరుపతికి పరిగెత్తాం. ఆటో ఇమ్యూన్ హెపటైటిస్ అన్నారు. మన శరీరంలో రోగాన్ని ఎదుర్కోవాల్సిన వ్యవస్థే లివర్ మీద దాడి చేయడం. ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించే జబ్బు. స్టెరాయిడ్స్ మొదలుపెట్టారు, మందులకి లొంగింది. ఇప్పుడు అమ్మ బాగుంది, మందులు వాడుతూనే ఉంది. డాక్టర్ మాత్రం ఒక మాట అన్నారు: "మొదటి రిపోర్ట్ వచ్చినప్పుడే వచ్చుంటే బాగుండేది." నేనేం మాట్లాడలేదు.

పచ్చ రంగు వెనక ఏం జరిగింది?

హాస్టల్‌కి వచ్చాక కోడ్ మళ్లీ తెరిచాను. మూడు తప్పులు కనిపించాయి. మూడూ అల్గారిథమ్‌వి కాదు, నావి.

మొదటిది, అక్యూరసీని నమ్మడం. 583 మందిలో జబ్బు ఉన్నవాళ్లు 416, లేనివాళ్లు 167. అంటే ఏ లెక్కా చేయకుండా ఎవరొచ్చినా "జబ్బు ఉంది" అని చెప్పే మోడల్‌కి కూడా 71 శాతం అక్యూరసీ వస్తుంది! నేను కష్టపడి తెచ్చిన 72కీ, గుడ్డిగా వచ్చే 71కీ తేడా ఒక్క శాతం. నా ఫ్రెండ్స్‌కి ఎర్ర రంగు ఎందుకు వచ్చిందో కూడా ఇక్కడే ఉంది. వందలో 71 మందికి జబ్బు ఉన్న గుంపులో పెరిగిన మోడల్ అది. హాస్టల్ కుర్రాళ్లని కూడా ఆ గుంపులో వాళ్లే అనుకుంది.

రెండోది, ఎవరి డేటా అని చూడకపోవడం. 583 మందిలో మగవాళ్లు 441, ఆడవాళ్లు 142 మందే. నేను ట్రైనింగ్‌కి పోను టెస్ట్ కోసం పక్కన పెట్టిన దాంట్లో ఆడవాళ్లు పాతిక మంది పైచిలుకు ఉన్నారు, అంతే. ఆడవాళ్లకి వేరుగా, మగవాళ్లకి వేరుగా ఫలితాలు తీసి ఎప్పుడూ చూడలేదు. తర్వాత తెలిసింది, లండన్‌లోని యూసీఎల్ రీసెర్చర్లు ఇసబెల్ స్ట్రా, హాంగ్‌హాన్ వూ ఇదే డేటాసెట్ మీద సరిగ్గా ఇదే పని చేసి 2022లో పేపర్ రాశారు. వాళ్లు చూసిన మోడళ్లలో లాజిస్టిక్ రిగ్రెషన్ కూడా ఉంది. జబ్బు ఉన్న ఆడవాళ్లలో 44 శాతం మందిని ఆ మోడళ్లు "లేదు" అని వదిలేశాయి, మగవాళ్లలో అది 23 శాతం. ఇంకో సంగతి, అందరూ బెస్ట్ అని చెప్పుకునే ర్యాండమ్ ఫారెస్ట్, లాజిస్టిక్ రిగ్రెషన్‌లలోనే ఈ ఆడా మగా తేడా ఎక్కువగా కనిపించింది. ఆ 44 శాతం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మూడోది అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే పెద్దది. నా మోడల్ నిజానికి "లేదు" అని చెప్పలేదు. వెనక ఉన్న నంబర్ తీసి చూస్తే అమ్మకి 46 శాతం అని ఉంది. 50 దాటలేదు కాబట్టి నా వెబ్ పేజీ దాన్ని పచ్చ రంగు చేసింది. ఆ 50 అనే గీత ఎవరు గీశారు? నేనే. ఆలోచించి కూడా గీయలేదు, లైబ్రరీలో మామూలుగా ఉండేది అదే కాబట్టి వదిలేశాను. "46 శాతం అవకాశం ఉందిమా" అని చెప్పి ఉంటే ఏ తల్లైనా, ఏ కొడుకైనా డాక్టర్ దగ్గరికి పోకుండా ఉంటారా?

గీత ఎక్కడ గీయాలి?

మా నాయనకి మెషీన్ లెర్నింగ్ తెలియదు కానీ ఈ విషయం బాగా తెలుసు. రేపు వాన పడే అవకాశం 30 శాతం అని ఫోన్‌లో చూపించింది అనుకోండి. చెట్టు మీద టమాట పండి ఉంటే ఆయన ఈరోజే కోయిస్తాడు, ఎందుకంటే వాన పడితే కాయ పగిలి రేటు పోతుంది. అదే 30 శాతాన్ని చూసి చెనక్కాయలు మాత్రం విత్తడు, వాన రాకపోతే విత్తనం మట్టిపాలు. నంబర్ ఒకటే, నిర్ణయాలు రెండు. తప్పు జరిగితే నష్టం ఎంత అన్నదాన్ని బట్టి గీత మారిపోయింది.

దీనికి ఒక చిన్న ఫార్ములా ఉంది. ఉత్తుత్తి అలారం వల్ల నష్టం ఎంతో రాసుకోండి. అసలైనదాన్ని వదిలేస్తే నష్టం ఎంతో రాసుకోండి. మొదటిదాన్ని, రెండూ కలిపిన మొత్తంతో భాగించండి. అదే మీ గీత.

- జబ్బుని వదిలేయడం, అనవసరంగా ఒకసారి డాక్టర్‌కి చూపించుకోవడం కంటే 9 రెట్లు నష్టం అనుకుంటే: 1ని 10తో భాగిస్తే గీత 10 శాతం దగ్గర. 46 అంటే చాలా పైన ఉన్నట్టు.
- ఇంటర్వ్యూ కాల్ లెటర్ స్పామ్‌లో పడిపోవడం, ఒక లాటరీ మెసేజ్ కంటపడటం కంటే 9 రెట్లు నష్టం అనుకుంటే: 9ని 10తో భాగిస్తే గీత 90 శాతం దగ్గర. మనం మొదట్లో చూసిన 88 శాతం మెసేజ్ కూడా అప్పుడు ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది.
- బడి మానేసే పిల్లల విషయంలో అయితే, పొరపాటున పేరు వస్తే టీచర్ ఇంటికెళ్లి పలకరించి వస్తారు, అంతే. పేరు రాకపోతే ఒక పాప చదువే పోవచ్చు. కాబట్టి గీత బాగా కిందే ఉండాలి.

లాజిస్టిక్ రిగ్రెషన్ ఇన్ని రంగాల్లో పనికొచ్చేది ఇందుకే. సంభావ్యత చెప్పడం వరకే దాని పని. దాన్ని ఎలా వాడాలో ఆ రంగం తెలిసినవాళ్లు చెప్పాలి. నాలాంటి కోడ్ రాసేవాళ్లు ఆ రెండో పని కూడా తెలియకుండానే చేసేస్తుంటాం, ప్రమాదం అక్కడే.

అయితే ఈ ఫార్ములా పనిచేయాలంటే ఆ శాతం నమ్మదగ్గది అయి ఉండాలి. 30 శాతం వాన అన్న 100 రోజుల్లో సుమారు 30 రోజులు నిజంగా వాన పడాలి. దీన్నే క్యాలిబ్రేషన్ అంటారు. ఒకచోటి డేటాతో నేర్చుకున్న మోడల్‌ని ఇంకోచోట వాడితే ఇది సులువుగా చెడిపోతుంది. బీటెక్‌లో అందరూ వాడే ఇంకో డేటాసెట్ ఉంది, పీమా ఇండియన్స్ డయాబెటిస్. ఇండియన్స్ అని చూసి మనవాళ్లే అనుకున్నా నేను! తీరా చూస్తే వాళ్లు అమెరికాలోని అరిజోనాలో ఉండే పీమా తెగ ఆడవాళ్లు, మొత్తం 768 మంది. వాళ్ల మీద నేర్చుకున్న మోడల్‌తో మదనపల్లెలో మనిషికి షుగర్ వస్తుందో రాదో చెప్పడం, బెంగళూరు ట్రాఫిక్ చూసి కురబలకోటలో బస్సు ఎన్నింటికి వస్తుందో చెప్పడం లాంటిది.

మీరే ట్రై చేయండి

లాప్‌టాప్ లేకపోయినా పర్లేదు. ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కొల్యాబ్ తెరిస్తే చాలు, ఫ్రీ. సైకిట్ లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో లాజిస్టిక్ రిగ్రెషన్ రెడీగా ఉంటుంది. లివర్ డేటాసెట్ డౌన్‌లోడ్ చేసుకుని ఇలా చేయండి.

1. మోడల్ కంటే ముందు గుడ్డి మోడల్ స్కోర్ లెక్కపెట్టండి. అందరికీ ఒకటే జవాబు చెప్తే ఎంత అక్యూరసీ వస్తుంది? మీ మోడల్ దాన్ని ఎంత దాటిందో అదే మీ అసలు మార్కు.
2. ప్రెడిక్ట్ అనే కమాండ్ 50 దగ్గర గీత గీసి అవును, కాదు అని చెప్పేస్తుంది. దాని బదులు ప్రెడిక్ట్ ప్రోబా వాడండి, శాతం చూపిస్తుంది.
3. ఎన్ని అసలైన కేసుల్ని వదిలేసింది, ఎన్ని ఉత్తుత్తి అలారాలు ఇచ్చింది అని వేరువేరుగా చూడండి. ఆడవాళ్లకి, మగవాళ్లకి విడివిడిగా కూడా తీయండి.
4. గీతని 50 నుంచి 30కి, 10కి మార్చి ఆ రెండు నంబర్లు ఎలా మారుతున్నాయో గమనించండి. ఒకటి తగ్గితే ఇంకోటి పెరుగుతుంది. రెండూ సున్నా అయ్యే గీత దొరకదు.

ఒక గంట పని. కానీ ఆ గంట తర్వాత ఏ గ్యాడ్జెట్ రివ్యూ చదివినా మీ కళ్లు వేరేలా చూస్తాయి. స్మార్ట్ వాచ్ బాక్స్ మీద "98 శాతం అక్యూరసీతో గుండె సమస్యని గుర్తిస్తుంది" అని ఉంటే మూడు ప్రశ్నలు వేయండి. ఎవరి మీద టెస్ట్ చేశారు? నిజంగా సమస్య ఉన్నవాళ్లలో ఎంతమందిని వదిలేసింది? ఏమీ లేదు అని అది చెప్తే దాని అర్థం 2 శాతమా, 46 శాతమా?

ఆ వెబ్ పేజీని నేను తీసేయలేదు, మార్చాను. ఇప్పుడు అందులో ఎర్ర రంగు లేదు, పచ్చ రంగు లేదు. శాతం ఒక్కటే ఉంటుంది, దాని కింద "ఇది 142 మంది ఆడవాళ్లు, 441 మంది మగవాళ్ల డేటాతో నేర్చుకున్న ప్రాక్టీస్ మోడల్, మీ రిపోర్ట్ డాక్టర్‌కి చూపించండి" అని ఒక లైన్ ఉంటుంది.

మొన్న ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ మూడు నెలలకోసారి చేయించుకునే టెస్ట్ రిపోర్ట్ వచ్చింది. "నీ కంప్యూటర్‌ని అడగవా?" అంది నవ్వుతూ. "దాన్ని అడిగినా నిన్ను డాక్టర్ దగ్గరికే పొమ్మంటాదిమా" అన్నాను. మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరం తిరుపతి బస్సెక్కాం.